కీబోర్డు లేని టాబ్లెట్‌తో మూడేళ్లు, డైలాగ్ బాక్సులతో తంటాలు

పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ షాపు. పాతపట్నం పక్కనే కాబట్టి ఒకే పెళ్లికార్డు ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో కావాలనే పార్టీలు మాకు ఎక్కువ. అచ్చుకు ఇచ్చేముందు వాళ్లింటికే వెళ్లి, పెద్దవాళ్ల ఎదురుగా కూర్చుని పేర్లు దిద్దుకోవచ్చని మూడేళ్ల కిందట పది అంగుళాల విండోస్ టాబ్లెట్ కొన్నాను. దాంతోపాటు వచ్చిన కీబోర్డు ఎనిమిదో నెలకే మూలపడింది. అప్పటినుంచి తెర మీద నేను చేసుకున్న కీలే గతి.

విండోస్‌లో ఉన్న టచ్ కీబోర్డు చాలదా అని అడుగుతారు. టైపు వరకు చాలు. కానీ అది సగం తెర మింగేస్తుంది. డిజైన్ పనిలో నాకు కావలసినవి పది పన్నెండు కీలే: కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్, అన్‌డూ, జూమ్ లాంటివి. అవి ఎడమ అంచున నిలువు పట్టీలా ఉంటే కుడిచేత్తో పెన్ను, ఎడమ బొటనవేలితో కీలు. ఆటోహాట్‌కీ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆ పట్టీ నేనూ మా అక్క కొడుకూ కలిసి రాసుకున్నాం. ప్రోగ్రామింగ్ ఇద్దరిలో ఎవరూ చదవలేదు.

డిజైన్ మీద పట్టీ మొదటిరోజే బాగా పనిచేసింది. కానీ సేవ్ నొక్కి డైలాగ్ బాక్స్, అంటే ఫైలు పేరు లాంటివి అడిగే చిన్న విండో, తెరుచుకుందా, ఇక కీలన్నీ చచ్చుబడేవి. ఏది నొక్కినా టింగుమని చప్పుడు. "మావయ్యా, హ్యాంగయిపోయింది" అనేవాడు వాడు. హ్యాంగ్ కాదు. మేం రాసిన పట్టీ ప్రతి కీనీ డిజైన్ ప్రోగ్రాం పెద్ద విండోకే పంపేది. బాక్స్ తెరిచి ఉన్నంతసేపు ఆ విండో తాళం వేసిన ఇల్లు. ఉత్తరం ఆ ఇంటికే వెళ్తుంటే బాక్సుకి ఎలా అందుతుంది? విండో పేరు తీసేసి, ఏది ముందుంటే దానికే కీ వెళ్లేలా మార్చాం.

అప్పుడు రెండో చిక్కు. మామూలుగా తెర మీద వేలు ఆనించడమంటే విండోస్ లెక్కలో మౌస్ క్లిక్కే. పట్టీని తాకగానే పట్టీయే ముందు విండో అయిపోతుంది, ఎంటర్ దానికే తగులుతుంది. దీనికి విరుగుడు 'నో యాక్టివేట్' అనే విండో లక్షణం. అది పెడితే పట్టీని తాకినా ముందున్న బాక్సు ముందే ఉంటుంది. రాయాల్సింది ఒక్క ముక్క, అది దొరకడానికి మాకు వారం పట్టింది.

అసలు నష్టం జరిగింది కంట్రోల్ కీతో. టచ్‌లో వేలు ఎత్తేదాకా విండోస్ క్లిక్కు పంపదు, ఒకవేళ అది వేలు నొక్కి పట్టుకుని చేసే రైట్ క్లిక్ అవుతుందేమోనని ఆగుతుంది. అందుకని కంట్రోల్‌ని నొక్కి పట్టుకునే వీలు లేదు, స్విచ్చులా ఒకసారి వేసి మళ్లీ తీయాలి. ఒకరోజు పాతపట్నం పార్టీ ఇంట్లో తీయడం మరిచిపోయాను. సేవ్ బాక్సులో పెళ్లికూతురి పేరు కొడుతున్నాను, అక్షరం పడదు. ఇంగ్లీషు 'A' కీ కొడితే ఉన్నదంతా సెలెక్ట్ అవుతోంది. ఆవిడ నాన్నగారు కళ్లజోడు సర్దుకుని నావైపు చూస్తున్నారు. ఆ టెన్షన్‌లో తెర మీద ఎక్కడెక్కడో పొడిచి, గంట పని పోగొట్టుకున్నాను. ఆ రాత్రే మార్చాం: బాక్స్ తెరుచుకుంటే కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ మూడూ వాటంతటవే వదిలేయాలి.

బాక్స్ తెరుచుకుందని పట్టీకి ఎలా తెలుస్తుందంటే, విండోస్‌లో మామూలు డైలాగ్ బాక్సులన్నిటికీ 32770 అనే క్లాస్ నంబరు, అంటే అది ఏ రకం విండోనో చెప్పే గుర్తు, ఉంటుంది. ఆ నంబరు విండో ముందుకు రాగానే డిజైన్ కీలు పోయి ఐదే ఐదు పెద్ద కీలు వస్తాయి. ట్యాబ్, వెనక్కి ట్యాబ్, టిక్కు పెట్టే స్పేస్, ఎంటర్, ఎస్కేప్. కొన్ని ప్రోగ్రాములు బాక్సుల్ని సొంతంగా గీసుకుంటాయి, వాటి క్లాస్ వేరు. అలాంటివాటికి చేత్తో మార్చుకోవాల్సిందే. 'ఈ ఫైలు ఉంది, దాని మీదే రాయమంటారా' అనే బాక్సులో ఎంటర్ కొడితే వచ్చే జవాబు 'నో'. 'ఎస్' కోసం ఆల్ట్ వై కీ కూడా పెడదామన్నాడు మావాడు, నేను ఒప్పుకోలేదు. అది పెన్నుతో చూసి నొక్కాలి.

చిన్న తెరకి ఇంకో బాధ ఉంది. మాది 1280 బై 800 పిక్సెళ్ల తెర. అక్షరాలు కనబడాలని 150 శాతం పెడితే ఎత్తులో మిగిలేది 533 మాత్రమే. పెద్ద బాక్సుల ఓకే బటన్ తెర కిందకి జారిపోతుంది. బాక్సుని పైకి జరిపే కీ ఒకటి పెట్టుకున్నాను, మూడేళ్లలో నేను ఎక్కువగా వాడింది బహుశా అదే.

టైపు కోసం విడిగా చేసుకున్న అక్షరాల పట్టీ మాత్రం అనుకున్నదానికంటే తేలిగ్గా అయింది. భారతీయ భాషలన్నిటికీ ఒకేలా ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో తెలుగు 'క' ఏ కీ మీద ఉందో ఒడియా 'క' కూడా దానిమీదే ఉంటుంది. ఒక్క పట్టీ చేసి పైన రాసే అక్షరాలు మారిస్తే రెండు భాషలకీ సరిపోయింది. హ్రస్వ ఎ, ఒ ఒడియాలో ఉండవు కాబట్టి అటు మారినప్పుడు ఆ రెండు కీలు దాచేశాం.

ఇప్పటికీ లొంగనిది ఒకటుంది. ప్రింటర్ డ్రైవరో ఇంకేదో ఎక్కించేటప్పుడు తెరంతా మసకబారి అనుమతి అడిగే బాక్స్ వస్తుందే, దాని దగ్గర మా పట్టీ కనబడదు కూడా. విండోస్ భద్రత కోసం దాన్ని వేరే డెస్క్‌టాప్ మీద చూపిస్తుంది, అక్కడికి బయటి ప్రోగ్రాములకి ప్రవేశం లేదు. అది వస్తే విండోస్ వాళ్ల కీబోర్డుతోనే పాస్‌వర్డు కొడతాను. అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే ప్రోగ్రాములు కూడా మా కీలు తీసుకునేవి కావు. ఆటోహాట్‌కీలో యూఐ యాక్సెస్ అనే మార్గం ఎంచుకున్నాక అవి దారికొచ్చాయి.