నాలుగు కోతలు కోసిన రీపర్: కిటుకంతా ఆ మూడు బెజ్జాల దగ్గరే

వెనక నడుస్తూ తోలే వరికోత రీపర్ నాది. 2021 ఖరీఫ్‌కి కొన్నాను. ధర, ఇంజిన్, డీజిల్ సంగతులు అందరూ చెప్పేవే. నేను చెప్పేది కటర్ బార్ (పైరు కోసే బ్లేడు పళ్లుండే పట్టీ) కింద రెండు కొసల్లో ఉండే ఇనుప షూల గురించి. మొదటి ఏడాది నా ప్రాణం తీసినవి అవే. ఇప్పుడు మిషన్ అమ్మకుండా ఉంచుకున్నదీ వాటి వల్లే.

మాది పద్మనాభం మండలం. గోస్తని వైపు దిగుతూ రెండున్నర ఎకరాలు, 17 మడులు. ఒకే మడిలో గట్టు వారన మెరక, నడిమధ్య పల్లం. మొదటిరోజు రెండో మడిలో ఎడమ చక్రం గేదె అడుగు పడిన గుంటలో దిగింది. క్లచ్ వదిలేలోపే కటర్ కొస మట్టిలో దిగబడి రెండు బ్లేడు పళ్లు విరిగాయి. తగరపువలస వెళ్లి కొత్తవి రివెట్ కొట్టించుకొస్తే, రెండు రోజులకి మళ్లీ అదే కథ. కటర్ నాలుగడుగులు, చక్రాల మధ్య ఎడం దానికంటే బాగా తక్కువ. చక్రం అంగుళం దిగితే ఆ పక్క కటర్ కొస అంతకంటే ఎక్కువే దిగుతుంది. ఇది అప్పుడు నాకు తట్టలేదు, అమ్మినవాళ్లూ చెప్పలేదు.

రెండోసారి మిషన్‌నే ట్రాలీ ఆటోలో వేసుకెళ్లాను. మెకానిక్ కుర్రాడు బ్లేడు వంక చూడలేదు, వంగి షూ చూశాడు.

"ఏటి మావా, కొన్నప్పుడు బిగించిన బోల్టు ఇంతవరకు ఇప్పలేదేటి?"

షూని ఏ ఎత్తులో బిగించాలో దాన్నిబట్టి బోల్టు వేసుకోడానికి మూడు బెజ్జాలు. షూని కిందికి దించితే కటర్ పైకి లేస్తుంది. నా అంతట నేను ముట్టుకునుంటే కచ్చితంగా తిరగేసి బిగించేవాణ్ణి! చదును మడికి రెండు షూలూ నడిమి బెజ్జంలో, గట్టు వారన కోసేటప్పుడు గట్టు వైపు షూ ఒక బెజ్జం దించి. పానా పట్టుకుని పది నిమిషాల పని. హ్యాండిల్ మీద కాస్త బరువు వేసి ముందుభాగం తేలిగ్గా ఉంచాలి. షూ నేల మీద జారాలి గాని దున్నకూడదు. 2022 కోత మొత్తంలో ఒక్క పన్ను విరగలేదు.

ఆ ఊపులో మా బావమరదులకి కళ్లు మూసుకుని కొనేయండని చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానలకి చేను పడిపోయింది. షూల ముందు బురద ముద్దలు ముద్దలుగా పేరుకుంటే ఏ బెజ్జమూ పనిచేయలేదు, చివరికి కొడవళ్లే దిక్కయ్యాయి. కోతకి పది రోజుల ముందే నీళ్లు తీసేసి, మడమ దిగని మడిలోకే మిషన్ దించాలి. ఇంకోటి, కటర్ పైకి లేపితే కొయ్యకాళ్లు నాలుగు వేళ్లు ఎక్కువ మిగులుతాయి. రెండు గేదెలున్న ఇంట్లో ఆ గడ్డికి లెక్క ఉంటుంది. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది, "గడ్డంతా పొలంలోనే వదిలేసొచ్చారా?" అని.

పెద్ద చదును మడులుండి, ఊళ్లోకి కంబైన్ (కోసి నూర్చేసే పెద్ద మిషన్) వచ్చేవాళ్లకి ఇది అక్కర్లేదేమో. నాకు కోసిన వరి పన పనలాగే కావాలి, మా గట్ల మీద కంబైన్ తిరగదు, అందుకే సరిపోయింది. మొన్న ఎడమ షూ అరిగిపోతే అడుగున పాత లారీ కమాను పట్టా ముక్క వెల్డింగ్ పెట్టించాను. మందం పెరిగింది కాబట్టి బెజ్జం మళ్లీ మార్చుకోవాలి, ఎంతో మడిలోకి దిగితేగాని తెలీదు.