దారి తప్పిన సముద్ర గద్ద కోసం మెయిన్ తీరంలో రెండు తెల్లవారుజాములు

2022 జనవరిలో నేనూ మా తమ్ముడూ బోస్టన్ నుంచి మెయిన్ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్ వెళ్ళొచ్చాం, స్టెల్లర్స్ సీ ఈగిల్ అనే సముద్ర గద్దని చూడ్డం కోసం. ఒక్క రోజులో చూసి వచ్చేద్దాం అనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా, వద్దు. దాదాపు మూడు గంటల డ్రైవ్, సాయంత్రం నాలుగున్నరకే చీకటి.

ఈ గద్ద ఉండాల్సింది రష్యాలోని కమ్చట్కా వైపు. ప్రపంచం మొత్తం మీద ఐదు వేల దాకా ఉంటాయని అంచనా. అందులో ఒకటి 2020లో అలాస్కా లోపల కనిపించి, మరుసటి ఏడాది కెనడా తూర్పు తీరం చేరి, డిసెంబర్‌లో మసాచుసెట్స్‌లోని టాంటన్ నది మీద కనబడి, నెలాఖరుకి జార్జ్‌టౌన్‌లో తేలింది. టాంటన్ మాకు గంట దూరమే, ఆఫీసు పని వల్ల వెళ్ళలేకపోయాం, ఆ బాధతోనే ఈసారి శుక్రవారం సెలవు పెట్టేశాను.

మా కారుకి వింటర్ టైర్లు లేవని అద్దె కారు తీసుకున్నాం. నాలుగు చక్రాల డ్రైవ్ బుక్ చేస్తే మామూలు సెడాన్ ఇచ్చారు, అరగంట వాదిస్తే గానీ మార్చలేదు. పట్టుబట్టండి, జార్జ్‌టౌన్ ఉన్నది ద్వీపం మీద, అక్కడి రోడ్డంతా మలుపులే, మంచు గడ్డకట్టి ఉంటుంది.

మొదటి రాత్రి పోర్ట్‌లాండ్‌లో ఉన్నాం. గది చాలా బాగుంది గానీ గద్ద కోసం అందరూ నిలబడే జార్జ్‌టౌన్‌లోని ఫైవ్ ఐలండ్స్ రేవుకి అక్కణ్ణించి గంట పైనే పట్టింది. రెండో రాత్రి బాత్ ఊళ్ళో చిన్న మోటెల్. రాత్రంతా హీటర్ చప్పుడు, టిఫిన్ ఏడింటికి గానీ పెట్టరు, మనమేమో ఏడింటికల్లా రేవులో ఉండాలి. అయినా నా ఓటు బాత్‌కే, అరగంటలో చేరిపోతాం.

మొదటి పొద్దున మైనస్ 17 డిగ్రీలు, పైగా సముద్రపు గాలి. ఫోన్ బ్యాటరీ పది నిమిషాల్లో చచ్చిపోయింది, ఊపిరి తగిలి స్కోప్ (పక్షుల్ని చూసే దూరదర్శిని) అద్దం మీద మంచు పట్టేసింది. యాభై మందికి పైనే నిలబడి ఉన్నాం, గద్ద రాలేదు. మధ్యాహ్నం రీడ్ స్టేట్ పార్క్‌కి వెళ్తే రాళ్ళ మీద పర్పుల్ శాండ్‌పైపర్ పిట్టలు, అలల్లో ఐడర్ బాతులు కనిపించాయి. అక్కడికి వెళ్ళినందుకు రోజు దక్కింది.

రెండో రోజు ఎనిమిదీ నలభైకి ఎదురు దీవిలో ఒక చెట్టు కొసన కూర్చుని ఉంది. తెల్లటి భుజాలు, నారింజ రంగులో ఇంత లావు ముక్కు. పక్క కొమ్మ మీది బాల్డ్ ఈగిల్, అంటే అమెరికా తెల్లతల గద్ద, దాని ముందు పిల్లలా కనబడింది! ఒక పెద్దావిడ తన స్కోప్ మాకిచ్చి పక్కకు తప్పుకున్నారు, ఆవిడ వచ్చి అప్పటికి మూడో రోజట. ఇరవై నిమిషాలు చూశాం, తర్వాత ఫ్లాస్కులో ఉన్న మిరియాల చారు ఆవిడకీ పోసిచ్చాం.

తిరిగొస్తూ పోర్ట్‌లాండ్‌లో డీరింగ్ ఓక్స్ పార్క్ దగ్గర ఆగాం. 2018లో అక్కడికి గ్రేట్ బ్లాక్ హాక్ వచ్చింది, వెచ్చటి దేశాల డేగ. కమ్చట్కా గద్దకి ఈ చలి కొత్త కాదు, ఆ డేగకి మాత్రం 2019 జనవరి మంచు తుఫానులో కాళ్ళు గడ్డకట్టిపోయాయి, బతికించలేకపోయారు. పార్కులో దాని బొమ్మ పెట్టారు. మేం వెళ్ళేసరికి బొమ్మ మీద మంచు పేరుకుని ఉంటే మా తమ్ముడు గ్లవ్‌తో తుడిచాడు.