ఏమైందో తెలియకుండానే కౌన్సెలింగ్‌కి వెళ్ళాను: కొన్నేళ్ళ తర్వాత నా అభిప్రాయం

కౌన్సెలింగ్ గురించి ఎవరు రాసినా ఒక పెద్ద కష్టంతో మొదలుపెడతారు. ఇంట్లో ఎవరో పోవడం, పెళ్ళి విడిపోవడం, ఉద్యోగం ఊడటం. నాకు అలాంటిదేమీ జరగలేదు. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో సొంత ఇల్లు, ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం, మంచి మనిషి అయిన భర్త, చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు. అయినా ఏదో బాలేదు. అదేమిటో చెప్పలేని స్థితిలోనే వెళ్ళాను, కొన్నేళ్ళుగా వెళ్తూనే ఉన్నాను. "ఏమని చెప్పుకుని వెళ్ళాలి?" అని గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సమస్య ఏమిటో ముందే తెలిసి ఉండక్కర్లేదు. అది తెలుసుకోవడమే అక్కడ జరిగే పనిలో సగానికి పైగా ఉంటుంది.

నా పరిస్థితి ఇలా ఉండేది. బడిలో పిల్లల మధ్య బాగానే ఉండేదాన్ని. ఇంటికొచ్చి గేటు తీస్తుంటే ఒళ్ళు బరువెక్కేది. ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక గుండెల మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు ఉండేది. రాత్రి పడుకోగానే నిద్రపట్టేది గానీ మూడింటికి మెలకువ వచ్చేసేది, ఇక తెల్లారేదాకా దొర్లడమే. పండక్కి కొన్న చీర మడత విప్పాలనిపించేది కాదు. ఏడుపు వచ్చేది కాదు. చిరాకు మాత్రం విపరీతం. చిన్నాడు పెన్సిల్ పారేసుకున్నా ఇల్లు ఎగిరిపోయేలా అరిచేదాన్ని.

మా అత్తగారు దిష్టి తీశారు. "ఏటైనాది నీకు? తిండి కూడా సరిగ్గా తినవు" అని ఆవిడ బెంగ. మా పిన్ని సోది అడిగిద్దామంది. మా ఆయన డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళారు. ఈసీజీ తీశారు, గ్యాస్ మాత్రలు ఇచ్చారు, బలానికి టానిక్కు రాశారు. రిపోర్టులన్నీ నార్మల్ అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం దిగులు ఇంకా పెరిగింది. అన్నీ బాగుంటే ఇక ఎవర్ని ఏమని అడగాలి? ఇక్కడ ఒక మాట. ఛాతీలో నొప్పి కొత్తగా మొదలైతే ముందు గుండె పరీక్ష చేయించుకోవాల్సిందే. టెన్షన్‌లే అని వదిలేయకండి.

మొదట వెళ్ళింది ఒడిశా వైపే ఒక పట్నంలో, ఒక ప్రైవేటు కౌన్సెలర్ దగ్గరికి. సమస్య ఏమిటని అడిగారు. తెలియదన్నాను. తెలియకపోతే నేనేం చెయ్యగలనమ్మా అని, పొద్దున్నే లేవడం గురించీ, యోగా గురించీ, మంచి ఆలోచనల గురించీ అరగంట చెప్పారు. అవేవీ చెడ్డవి కావు. కానీ నా గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నిజంగా కష్టంలో ఉన్న ఎవరిదో కుర్చీలో నేను కూర్చున్నానేమో అనిపించింది. ఆ ఆలోచనతో చాలా నెలలు మళ్ళీ ఎక్కడికీ వెళ్ళలేదు. అలా ఆగిపోయినవాళ్ళు నాకు తర్వాత చాలామంది కనిపించారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

తర్వాత బడిలో తోటి టీచరు ఒకరు విశాఖపట్నంలో మాటలతో చికిత్స చేసే ఒక క్లినికల్ సైకాలజిస్టు గురించి చెప్పారు. మొదటిసారి శ్రీకాకుళం మీదుగా బస్సులో వెళ్ళి కలిశాను. ఆ తర్వాత ఎక్కువగా వీడియో కాల్‌లోనే.

ఆవిడ నన్ను సమస్య ఏమిటని అడగలేదు. "నిన్న మీ రోజు ఎలా గడిచిందో పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండి" అన్నారు. నేను చెబుతూ పోయాను. మధ్యలో అక్కడక్కడ ఆపి, అప్పుడు ఒంట్లో ఎలా ఉంది, పక్కన ఎవరున్నారు అని అడిగేవారు. అంత చిన్న విషయాలు ఎందుకా అనిపించింది. చివర్లో, "మీకు ఏమైందో నాకూ ఇంకా తెలియదు. కొన్ని వారాలు ఇద్దరం కలిసి చూద్దాం" అన్నారు. ఇన్నేళ్ళలో నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చిన మాట అదే.

మాటలతో పాటు రక్తపరీక్షలు కూడా చేయించుకు రమ్మన్నారు: థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్. వీటిలో ఏది తేడాగా ఉన్నా నీరసం, దిగులు, మతిమరుపు రావచ్చట. నాకు రక్తం తక్కువగా ఉంది. ఐరన్ మాత్రలు వాడాక మెట్లెక్కినప్పుడు వచ్చే ఆయాసం తగ్గింది. గేటు దగ్గర బరువు తగ్గలేదు. కాబట్టి ఒంటిదెంత, మనసుదెంత అన్నది కొంత విడిపడింది.

దిగులు ఎంతుందో చూసే ఒక ప్రశ్నాపత్రం కూడా ఇచ్చారు, పీహెచ్‌క్యూ-9 అని. గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కాస్త లోతుగా చూడాలంటారు. జబ్బు తేల్చేది ఆ కాగితం ఒక్కటే కాదని ఆవిడ ముందే చెప్పారు. అందులో చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. ఆవిడ దాన్ని కాగితం మీద వదిలేయకుండా నా మొహం చూసి నేరుగా అడిగారు. అలా అడిగితే లేనిపోని ఆలోచన పుడుతుందని మనవాళ్ళు భయపడతారు గానీ అలా జరగదు. నాకు చావాలని లేదు, పొద్దున లేవకపోతే బాగుండునని మాత్రం కొన్ని రోజులు అనిపించేది. ఆ మాట జీవితంలో మొదటిసారి అక్కడే బయటికి అన్నాను. ఆవిడ కంగారు పడలేదు, తేలిగ్గానూ తీసుకోలేదు.

తర్వాత నోటుపుస్తకం పని. రోజుకు మూడు నాలుగుసార్లు రాయాలి: టైమెంత, ఎక్కడున్నాను, ఎవరున్నారు, ఒంట్లో ఎలా ఉంది, బరువు పదికి ఎంత. ఎందుకు అన్న గడి మాత్రం లేదు. అదే నన్ను కాపాడింది. ఎందుకు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, జవాబు లేదన్న సిగ్గు ఒకటి పైన పడేది. ఎప్పుడు, ఎక్కడ అంటే ఎవరైనా రాయగలరు.

వారాలు గడిచాక పుస్తకం ముందు పెట్టుకుని చూస్తే, నేను అనుమానించిన చోట్ల అంకెలు పెద్దగా లేవు. బడి రోజుల్లో లేవు, మా ఆయనతో మాటపట్టింపు వచ్చిన రోజుల్లో లేవు. కాగితాలు ముట్టుకున్న రోజుల్లో ఉన్నాయి.

ఈ సరిహద్దులో ఉండేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మహేంద్రతనయ నది అవతల పాతపట్నం, అది ఆంధ్ర. మా పుట్టింటివాళ్ళ పొలం కొంత అటు, కొంత ఇటు. అటు పొలం రికార్డులు, అంటే అడంగల్, 1బి, తెలుగులో. ఇటు పట్టా, తహసీల్ కాగితాలు ఒడియాలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది గానీ, చుట్టాలూ పొలాలూ రెండు వైపులా ఉండిపోయాయి. మా అన్నయ్యలు ఆంధ్రలో హాస్టల్లో ఉండి తెలుగు మీడియంలో చదివారు. నేను ఇక్కడే ఉండి ఒడియా మీడియంలో చదివాను. తెలుగు చదవడం రాయడం ఇంట్లో అమ్మ నేర్పింది. రెండు లిపులూ వచ్చినదాన్ని ఇంటిల్లిపాదిలో నేనొక్కదాన్నే. మావయ్య పెన్షను, పిన్ని రేషన్ కార్డు, అన్నయ్య పొలం మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పించడం), పక్కింటివాళ్ళ అఫిడవిట్, ఎవరికి ఏ ఆఫీసులో పని పడినా నాకే ఫోను. బడి అయ్యాక వరండాల్లో నిలబడటం, ఇంటికొచ్చాక ఆ కాగితాలు ముందేసుకోవడం. పదిహేనేళ్ళుగా ఇదే. దాని మీద నాకు కోపం ఉందని కూడా నాకు తెలియదు, ఎందుకంటే అందరూ మెచ్చుకునేవారు. నాకూ గొప్పగానే ఉండేది.

ఇంతే కారణం, తేలిపోయింది అనుకోకండి. నేనూ అలాగే ఆశపడ్డాను. అన్నయ్యతో గట్టిగా మాట్లాడి ఆ మ్యుటేషన్ పని ఆయనకే అప్పజెప్పాక గేటు దగ్గర బరువు బాగా తగ్గింది, నిజమే. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం అలాగే ఉన్నాయి. మీకేం ఇష్టం అని ఆవిడ అడిగినప్పుడు నాకు నోరు పెగల్లేదు. నచ్చే వరకూ ఆగకుండా ముందు చెయ్యడం మొదలుపెట్టమన్నారు, ఉత్సాహం తర్వాత వస్తుందన్నారు. అటకమీద హార్మోనియం దింపించి రోజూ కాసేపు వాయించాను. మొదట్లో చేతులు కదిలేవి, మనసు కదిలేది కాదు. కొన్ని నెలలు పట్టింది. నిద్ర విషయంలో ఆవిడ కచ్చితంగా ఉన్నారు: ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవాలి, మెలకువ వస్తే మంచం మీద దొర్లకూడదు, సాయంత్రం తర్వాత టీ వద్దు.

అయినా మూడింటి మెలకువ పోకపోతే ఆవిడే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. సైకాలజిస్టు మందులు రాయరు, సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, ఆయన రాస్తారు. మాత్ర పని చెయ్యడానికి కొన్ని వారాలు పట్టింది. ఏడాది లోపే ఆపేశాం, అదీ డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ. బాగుంది కదా అని ఒక్కసారిగా మానేయకూడదు.

నచ్చనివీ ఉన్నాయి. కొన్ని సెషన్ల తర్వాత రెండు రోజులు ముందుకన్నా ఘోరంగా ఉండేది. అలా ఉంటుందని ముందే గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. నా కాగితాల బాధ చెప్పడానికి ఒడిశా ఆఫీసుల తీరు ఆవిడకి మొదట్నుంచీ వివరించాల్సి వచ్చింది. ఉమ్మడింట్లో వీడియో కాల్ పెద్ద ఇబ్బంది. డాబా మీదకి వెళ్తే సిగ్నల్ బాగుంటుంది, పక్కింటివాళ్ళకి వినబడుతుంది. చివరికి బడి అయిపోయాక ఖాళీ క్లాసురూములో కూర్చుని మాట్లాడేదాన్ని. డబ్బు కూడా చిన్న విషయం కాదు. నా జీతానికి వారం వారం భారమై, రెండు వారాలకోసారికి మార్చుకున్నాను. మానసిక వైద్య చట్టం 2017 ప్రకారం బీమా కంపెనీలు మానసిక అనారోగ్యాన్ని కూడా మిగతా జబ్బులతో సమానంగా చూడాలి. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి. ఇలా మాట్లాడి వచ్చే ఫీజు మన జేబులోంచే.

భాష గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నాకు ఒడియా బాగా వచ్చు, లెక్కలు ఇప్పటికీ ఒడియాలోనే వేసుకుంటాను. కానీ ఇంట్లో మీరు ఏ భాషలో పోట్లాడుకుంటారో ఆ భాష వచ్చిన మనిషిని వెతుక్కోండి. రాయగడ, గుణుపురం, బరంపురం వైపు తెలుగువాళ్ళకి ఈ ఎంపిక ఉంటుంది. బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అటు విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. డబ్బు లేనివాళ్ళు వీటిని వదులుకోవద్దు. ఎక్కడికీ వెళ్ళలేకపోతే మానసిక సాయం కోసం టెలి మానస్ అనే ఫోన్ లైను ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. మా సైకాలజిస్టు సెలవులో ఉన్నప్పుడు ఒక రాత్రి నేనే చేశాను. ఏమైందో చెప్పలేకపోతున్నానంటే ఫర్వాలేదు, ఇప్పుడు ఎక్కడ కూర్చున్నారో చెప్పండి అని మొదలుపెట్టారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం సెషన్ తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆ నంబరుకి చెయ్యండి, లేదా ఇంట్లో ఎవరినైనా వెంటబెట్టుకుని దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు నెలకోసారి మాట్లాడుతున్నాను. నిద్ర పడుతోంది. ఆదివారాలు కొన్ని బాగుంటాయి, కొన్ని ఉండవు. నాకు వచ్చిందాన్ని ఒక్క ముక్కలో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను, అలా చెప్పాలన్న ఆత్రం మాత్రం పోయింది.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఫోను చేసినప్పుడు, "కొన్ని నెలలుగా నేను మునుపటిలా లేను, ఎందుకో తెలియదు" అంటే చాలు. మీరూ కొన్ని అడగండి. ఏం చదివారు? క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. కౌన్సెలర్ అన్న బోర్డు చిన్న కోర్సు చేసినవాళ్ళు కూడా పెట్టుకుంటున్నారు కాబట్టి ఇది మొహమాటపడే విషయం కాదు. సమస్య తెలియకుండా వచ్చినవాళ్ళతో మొదటి రోజు ఏం చేస్తారో కూడా అడగండి. ఆ జవాబులో ప్రశ్నలకన్నా సలహాలు ముందొస్తే ఇంకొకరిని చూసుకోండి.