టచ్ పోతే డిస్‌ప్లే మార్చాల్సిందేనా? జగదీశ్ మార్కెట్‌లో ఒక రిపేరు దుకాణం

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణాలకు కొదవ లేదు. అయితే టచ్ పనిచేయడం లేదనగానే ‘కాంబో (డిస్‌ప్లే, టచ్ అద్దం కలిసిన భాగం) మార్చాలి’ అని ధర చెప్పేయకుండా, ముందు విప్పి చూడాలన్న దుకాణం నాకు అక్కడ ఒక్కటే తగిలింది.

నా ఫోన్‌లో కుడి అంచున వేలు పెడితే స్పందన ఉండేది కాదు. ఒక్కోసారి ఎవరూ ముట్టకుండానే అక్షరాలు వాటంతటవే పడేవి. అంతకుముందు చూపించిన సర్వీస్ సెంటర్‌లో డిస్‌ప్లే మొత్తం మార్చాలన్నారు. ఇక్కడి మెకానిక్ మాత్రం, ఈ ఇబ్బంది చార్జింగ్ పెట్టినప్పుడే వస్తోందా, ఎప్పుడూ ఉంటోందా అని మొదట అడిగారు. నాసిరకం చార్జర్ నుంచి వచ్చే విద్యుత్ అలజడికి కూడా టచ్ ఇలాగే తప్పుగా స్పందిస్తుంది కాబట్టి ఆ ప్రశ్న సరైనదే. తరువాత కవరు, టెంపర్డ్ గ్లాస్ తీయించి, కుడి అంచును బొటనవేలితో మెల్లగా నొక్కారు. తెరకూ ఫ్రేముకూ మధ్య వెంట్రుకవాసి సందు మూసుకుని, వేలు తీయగానే మళ్లీ తెరుచుకోవడం నేనూ చూశాను. వెనక మూతను వేడిచేసి లేపితే లోపల బ్యాటరీ ఉబ్బి ఉంది. అది తెరను పైకి నెట్టడమే కాక, తన కింది నుంచి వెళ్లే ఫ్లెక్స్ కేబుల్‌ను (తెరను బోర్డుకు కలిపే పలుచని పట్టీని) కూడా లాగి, కనెక్టర్‌ను వదులు చేసింది. బ్యాటరీ మార్చి, కనెక్టర్ శుభ్రంచేసి బిగించిన తరువాత అదే పాత తెర మూలమూలకూ పనిచేస్తోంది. కొత్త కాంబోకు చెప్పిన ధరలో మూడో వంతు కూడా ఖర్చు కాలేదు.

ఈ ఫలితంలో ఆశ్చర్యం లేదు. నేటి ఫోన్లలో ఉన్నది కెపాసిటివ్ టచ్. అద్దం కింద ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి పారదర్శక వాహకంతో చేసిన గళ్ల వల ఉంటుంది. వేలు దగ్గరైనప్పుడు అక్కడి విద్యుదావేశంలో వచ్చే మార్పును ఒక చిప్ లెక్కగడుతుంది. కదిలే భాగమేదీ లేదు కనుక ఎన్నేళ్లు తాకినా ఆ వల అరగదు. నొక్కితే రెండు పొరలు కలిసే పాత రెసిస్టివ్ తెరల్లోనైతే పై పొర వంగి వంగి నిజంగానే అరిగిపోతుంది. కెపాసిటివ్ తెరలకు చేటు చుట్టూ ఉన్నవాటి నుంచే వస్తుంది: కేబుల్, జిగురు, తేమ, టంకం. ఐఫోన్ 6 ప్లస్‌లో టచ్ పోయే సమస్యకు ఆపిల్ 2016లో ప్రత్యేక మరమ్మతు పథకం ప్రకటించింది. అప్పుడు కూడా లోపం అద్దంలో కాక, మదర్‌బోర్డు మీది టచ్ చిప్ టంకంలో ఉందని రిపేరు నిపుణులు చూపించారు. ఓలెడ్ తెర (ప్రతి చుక్కా తానే వెలిగే రకం) మసకబారడం, మచ్చలు పడటం వేరే జబ్బు. అక్కడ క్షీణించేది వెలుగునిచ్చే సేంద్రియ పదార్థం, అందులోనూ నీలం రంగుది ముందుగా.

అద్దం సంగతికి వస్తే, కాఠిన్యంలో ఇసుకలోని క్వార్ట్జ్ మోస్ కొలమానంపై 7 వద్ద ఉంటుంది, ఫోన్ అద్దం దానికి కాస్త దిగువన ఉంటుంది. అందుకే జేబులోని దుమ్ము గీతలు పెడుతుంది, ఆ గీతలున్న చోటే తరువాతి దెబ్బకు పగులుతుంది.

నిజంగా పగిలిన తెరలకు ఈ దుకాణంలో రెండు రకాల కాంబోలు పెడతారు. రెండూ పక్కపక్కన వెలిగించి చూపమంటే విసుక్కోకుండా చూపించారు. ఓలెడ్ స్థానంలో పెట్టే చౌకరకం ఎల్‌సీడీ (వెనక దీపంతో వెలిగే తెర) కాంబో మందంగా ఉంది, కింది అంచు వెడల్పుగా ఉంది, నలుపు బూడిదరంగులో కనిపించింది. ధరలో తేడా ఎంతున్నా నేను దాన్ని ఎవరికీ సూచించను.

లోపాలూ ఉన్నాయి. ఒకసారి విప్పిన ఫోన్‌కు నీటి రక్షణ మునుపటిలా ఉండదని వారే ముందుగా చెప్పారు, అది మెచ్చదగినదే. కానీ బిల్లు మీద ‘బ్యాటరీ’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ రాయలేదు. ఏ కంపెనీది, వారంటీ ఎన్నాళ్లు అన్నవి పట్టుబట్టి అడిగితేనే రాశారు. అక్కడికి వెళ్లేవారు డబ్బు కట్టేముందే ఆ రెండూ రాయించుకోవాలి.