పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ: వరిలో సుడిదోమకి కొట్టేవాళ్ళ కోసం రివ్యూ

మాది కృష్ణా డెల్టా, ఖరీఫ్‌లో బీపీటీ 5204 రకం వరి వేస్తాం, దానికి సుడిదోమ (వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగు) బెడద ఎంతో అందరికీ తెలుసు. ఈ మందుకి నా రేటింగ్ 5కి 4.

ముందు కంప్లైంట్ సంగతి. కొట్టిన మర్నాడు దుబ్బు తట్టి చూస్తే దోమ బతికే ఉంటది, దాంతో చాలామంది డూప్లికేట్ మందు అంటగట్టారని షాపుకెళ్ళి గొడవపడతన్నారు. అది కాదండీ, ఇది కొట్టగానే చంపే మందు కాదు, దోమ రసం పీల్చకుండా చేస్తది, తిండి లేక నాలుగైదు రోజుల్లో చస్తాయి, గుడ్లు పెట్టడం కూడా తగ్గుద్ది. అందుకే తొందరపడి రెండో రోజే ఇంకో మందు కొట్టేయొద్దు.

ఇంత రేటు పెట్టి ఇదెందుకు, ఇమిడా (ఇమిడాక్లోప్రిడ్ అనే పాత మందు) చవకే కదా అంటారు. ఇమిడాక్లోప్రిడ్ ఒకప్పుడు బాగా పనిచేసిన మాట నిజమే, కానీ 2003 నుంచి ఆసియా దేశాల్లో సుడిదోమ దానికి లొంగడం మానేసింది. మందు దోమ నరాల మీద పనిచెయ్యాలి, పొలాల్లో దోమకి ఆ నరాల్లో పెద్దగా మారిందేమీ లేదు, మందు అక్కడికి చేరేలోపే ఒంట్లో ఉన్న పీ450 రకం ఎంజైమ్‌లు దానికి ఆక్సిజన్ తగిలించి విరిచేస్తన్నాయి, విరిగిన మందు విషం తగ్గి బయటికి పోద్ది. సుడిదోమలో ఈ పని ముఖ్యంగా చేసేది సీవైపీ6ఈఆర్1 అనే ఎంజైమ్. 2018లో సైంటిస్టులు తేల్చిందేంటంటే, దాని జన్యువు కొన్ని దోమల్లో ఒకటికి రెండు కాపీలైంది, అందులో ఒక కాపీ కొద్దిగా మారి ఇమిడాని విరిచే శక్తి తెచ్చుకుంది, ఆ కాపీ ఎక్కువగా పనిచేసే దోమలే స్ప్రే తర్వాత మిగిలి పిల్లల్ని పెట్టాయి. డోసు డబుల్ చేసి కొట్టినా మిగిలేవి అవే, ఇంకా గట్టివి.

ఇక్కడ ఒకటి చెప్పాలి, నాకు బాగా బాధ కలిగించే విషయం. షాపుల్లో "గ్రూపు మార్చి కొట్టండి, అంతే" అంటారు. గ్రూపు అంటే మందు పురుగు మీద పనిచేసే తీరుని బట్టి ఇచ్చే నంబరు. గ్రూపు మార్చడం కావాల్సిందే, కానీ ఎంజైమ్ డబ్బా మీద గ్రూపు నంబరు చూడదు, మందు అణువు తనలో ఇమిడితే చాలు విరిచేస్తది. పత్తిలో తెల్లదోమనే చూడండి, ఇమిడాని విరిచే సీవైపీ6సీఎం1 అనే ఎంజైమే ఈ పైమెట్రోజిన్‌ని కూడా విరుస్తది, గ్రూపులు 4ఏ, 9బీ అని వేరైనా సరే. అందుకే పత్తిలో ఇమిడా పనిచెయ్యని చోట దీని మీద ఆశ పెట్టుకోవద్దు. వరిలో మాకు ఇంకా పనిచేస్తంది, కానీ చైనాలో సుడిదోమ దీనికి కూడా గట్టిపడిపోయింది, మనం వరసగా ఇదే కొడితే మనకీ అదే గతి.

వాడే పద్ధతి: ఎకరానికి 120 గ్రాములు, 200 లీటర్ల నీళ్ళు, పొలంలో నీళ్ళు తీసేసి నాజిల్ కిందికి పెట్టి దుబ్బు మొదళ్ళు తడిసేలా కొట్టాలి. దోమ ఉండేది మొదట్లోనే, పైపైన ఆకుల మీద కొట్టి మందు పనిచెయ్యలేదంటే ఎట్టా. నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే స్ప్రే చేసే మనిషికి కూడా దారి ఉంటది, గాలీ తగులుద్ది. దీంతోపాటు బైఫెంత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ కలపమని ఎవరు చెప్పినా వినొద్దు, దోమని తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు చచ్చిపోయి దోమ ఇంకా పెరుగుద్ది.

ఒక మార్కు తగ్గించింది రేటుకి, ఇంకా ప్యాకెట్ మీద గ్రూపు సంగతి, వరసగా వాడొద్దన్న మాట రైతు చదివేంత పెద్దగా తెలుగులో లేనందుకు. రెండో స్ప్రే కావాల్సొస్తే మళ్ళీ ఇదే కాకుండా ట్రైఫ్లుమెజోపైరిమ్ అనే వేరే మందు ఎకరానికి 94 మి.లీ. కొట్టండి, ఇమిడాకి లొంగని దోమ మీద కూడా అది పనిచేస్తది.