రెయిన్ లిల్లీ గడ్డల కోసం బెంగళూరులో మూడు రోజులు

ముందుగా ఒక మాట. చలిదేశాల్లో పూసే స్నోడ్రాప్ అనే తెల్లపువ్వు గడ్డలు మన వాతావరణంలో బాగా పూస్తాయని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టకండి. నేను కట్టాను. పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర పది గడ్డలు, ఒక్కొక్కటి 180 రూపాయల లెక్కన తెప్పించి అనంతపురంలో మా మిద్దె మీద నాటాను. పుల్లల్లాంటి సన్నటి ఆకులు వచ్చాయి, ఒక పెద్ద వాన పడిన నాలుగో రోజు తెల్లటి పువ్వు ఆకాశం వైపు చూస్తూ విచ్చుకుంది. స్నోడ్రాప్ అలా పూయదు. దాని పువ్వు తల వంచి కిందికి వేలాడుతుంది, బయట మూడు పొడుగు రేకులు, లోపల మూడు పొట్టి రేకులు, ఆ పొట్టి రేకుల మీద ఆకుపచ్చ మచ్చ. నాకొచ్చింది వాన పడ్డాక పూసే తెల్ల రెయిన్ లిల్లీ, శాస్త్రీయ నామం జెఫిరాంథస్ కాండిడా. మా వీధిలోనే రెండిళ్లలో ఉంది, అడిగితే ఊరికే ఇచ్చేవాళ్లు.

స్నోడ్రాప్‌లను సేకరించేవాళ్ల ప్రపంచం మాత్రం నాకు నిజంగా ఇష్టం. ఉన్నవి ఇరవై చిల్లర జాతులే, అన్నీ తెల్లగానే ఉంటాయి, అయినా ఒక మచ్చ ఆకారం మారితే, ఆకుపచ్చ బదులు పసుపు వస్తే దానికి ఒక పేరు, దాని కోసం పోటీ. 'గోల్డెన్ ఫ్లీస్' అనే రకం గడ్డ ఒక్కటి 2015లో 1,390 పౌండ్లకు అమ్ముడుపోయింది. కానీ దానికి వారాల తరబడి గట్టి చలి కావాలి. బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అక్కడే అలా ఉంటే ఇక అనంతపురం గురించి చెప్పాలా? రెయిన్ లిల్లీలది కూడా స్నోడ్రాప్ కుటుంబమే, అమరిల్లిడేసీ. మన ఎండకు తట్టుకుంటాయి, రంగుల్లో రకాలు బోలెడు. అందుకే ఆ కోపం తగ్గాక వాటిని సేకరించడం మొదలుపెట్టి, ఈసారి పువ్వును కళ్లతో చూశాకే గడ్డ కొనాలని ఆగస్టులో బెంగళూరు బయలుదేరాను.

మెజెస్టిక్‌లో బస్సు దిగాను. అక్కడినుంచి మెట్రో గ్రీన్ లైన్‌లో నాలుగో స్టేషన్ లాల్‌బాగ్. ఆటోల జోలికి పోవద్దు, మెట్రో చాలు. ఆగస్టు 15కి పెట్టే పూల ప్రదర్శన నడుస్తోంది. 1889లో పునాదిరాయి వేసిన గాజు మందిరం లోపల అలంకరణ చూడ్డానికి చాలా బాగుంటుంది, పిల్లలతో వెళ్లేవాళ్లు తప్పకుండా చూడండి. గడ్డల కోసం వెళ్లేవాళ్లకు మాత్రం ప్రదర్శన కన్నా బయట దారుల అంచులే మేలు. ముందురోజుల్లో వాన పడినట్టుంది, గులాబీ రంగు రెయిన్ లిల్లీలు ఒక మడి నిండా పూసి ఉన్నాయి, ఒకే రంగు అనుకుని దగ్గరికెళ్లి చూస్తే రేకు వెడల్పులోనూ గొంతు దగ్గర తెల్లదనంలోనూ తేడాలు కనిపించాయి. అక్కడే గంటన్నర కూర్చున్నాను. ఇవి ఒకటి రెండు రోజులకే వాడిపోతాయి కాబట్టి వాన పడ్డాక నాలుగైదు రోజుల్లోపు వెళ్లగలిగితేనే ప్రయాణం పెట్టుకోండి.

లాల్‌బాగ్ పక్కనే సిద్దాపుర నర్సరీలున్నాయి. నాలుగైదు తిరిగాను. ఎక్కువ చోట్ల 'పింక్ లిల్లీ, ఎల్లో లిల్లీ' అంతే, పేరడిగితే విసుక్కుంటారు. ఒక్క నర్సరీలో మాత్రం ఒక పెద్దాయన, కన్నడం తమిళం తెలుగు కలిపి మాట్లాడతాడు, "పేరు నాకు తెలీదప్పా, పువ్వు చూసి తీసుకో" అని వెనకాల షెడ్డులోకి తీసుకెళ్లి, నేను చూపించిన కుండీని బోర్లించి గడ్డలు విడదీసి ఇచ్చాడు. కుండీ 60 రూపాయలు, అందులో పసుపువి ఏడు గడ్డలు వచ్చాయి. తెలియని పేరును తెలిసినట్టు చెప్పకపోవడం నాకు బాగా నచ్చింది. ఇంకో కుండీలో లేత నిమ్మపండు రంగువి చూశాను, తెల్ల కాండిడాకూ పసుపు పూల సిట్రినా జాతికీ పుట్టిన 'అజాక్స్' రకం లాగే ఉన్నాయి, అయినా 'అజాక్స్ కావచ్చు, సిద్దాపుర, ఆగస్టు' అనే రాసుకున్నాను.

ఆ రాత్రి మెజెస్టిక్ వెనక ఒక లాడ్జిలో దిగాను, 1,100 రూపాయలు. ఒక్క రాత్రి తల వాల్చుకోవడానికి పరవాలేదు, వేడినీళ్లు వచ్చాయి, దుప్పటి శుభ్రంగానే ఉంది. కానీ గదికి కిటికీ లేదు. కడిగిన గడ్డలను న్యూస్ పేపర్ మీద ఆరబెట్టి టిఫిన్‌కు వెళ్లి వచ్చేసరికి గది ఊడ్చేవాళ్లు వాటిని చెత్త అనుకుని బుట్టలో పడేశారు. గడ్డలన్నీ దొరికాయి, కానీ రెండు పొట్లాల చీటీలు విడిపోయాయి. అజాక్స్ కావచ్చు అనుకున్నవి, మామూలు పసుపువి ఇప్పుడు కలిసిపోయాయి, పూసేదాకా తేలదు. ఆ పూటంతా చాలా బాధగా గడిచింది. గడ్డలతో వెళ్లేవాళ్లు గది శుభ్రం చేయొద్దని ముందే చెప్పండి, లేదా వాటిని బ్యాగులో పెట్టి జిప్ వేసి వెళ్లండి.

రెండో రోజు జయనగర్‌లో ఒకావిడ ఇంటి పైగది తీసుకున్నాను. 1,600 రూపాయలు, ఉదయం టిఫిన్‌తో కలిపి. ఐదు వందలు ఎక్కువైనా వంద రెట్లు నయం, ఎందుకంటే గది ముందే మిద్దె, గాలి, నీడ, కొళాయి. ఆవిడది చిత్తూరు వైపు. ఆరబెట్టిన గడ్డలను చూసి, "ఎర్రగడ్డలు ఇట్ట ఎండలో ఎందుకు పెట్టినావు నాయనా, సాంబారులోకి బాగుంటాయి" అని చేటలోకి ఎత్తబోయింది. నేను గబగబా వద్దన్నాను. ఈ కుటుంబంలో చాలా గడ్డల్లో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది, తింటే వాంతులు, విరేచనాలు. రెయిన్ లిల్లీ గడ్డ చిన్న ఎర్రగడ్డ లాగే ఉంటుంది, దయచేసి వంటింటి దరిదాపుల్లో పెట్టకండి. విషయం చెబితే ఆవిడే ఒక పాత డబ్బా తెచ్చి, మీద 'పూల గడ్డలు' అని రాసి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం మారతహళ్లి వెళ్లాను. మెజెస్టిక్ నుంచి 335ఈ బస్సు, ట్రాఫిక్‌లో గంటన్నర దాటింది, ఏసీది ఎక్కితేనే మంచిది. అక్కడ ప్రొద్దుటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒక అక్క మిద్దెతోట. నలభైకి పైగా కుండీలు, ప్రతిదానికీ అల్యూమినియం రేకు మీద మేకుతో గీసిన పేరు, ఎవరిచ్చారు, ఏ నెల. ఎండకు పెన్ను రాత చెరిగిపోతుంది, గీత చెరగదు అంది. నేను ఈ ప్రయాణంలో నేర్చుకున్నదాంట్లో సగం ఆ మిద్దె మీదే. ఉదయాన్నే మొగ్గ విచ్చుకునేటప్పుడు పుప్పొడి రాలకముందే కేసరాలు తీసేసి, వేరే రకం పుప్పొడిని కీలాగ్రానికి అద్ది, దారం కట్టి చూపించింది. మూడు నాలుగు వారాల్లో కాయ పగిలి కాగితం ముక్కల్లాంటి నల్లటి గింజలు వస్తాయి, అవి ఎక్కువ కాలం నిలవవు, వెంటనే విత్తాలి. పురుగు గురించి కూడా చెప్పింది. నల్లటి ఒంటి మీద మచ్చలున్న గొంగళిపురుగులు ఆకు లోపలికి దూరి గడ్డదాకా తినేస్తాయట, రోజూ సాయంత్రం ఆకు వెనక గుడ్లు వెతికి చేత్తో తీసేయడమే తన మందు.

"అమ్మడం నాకు చేతకాదు తమ్ముడూ, మార్చుకుందాం" అంది. నా దగ్గరున్న మెరూన్ గీతల రకం రెండు గడ్డలిచ్చి, 'ప్రైరీ సన్‌సెట్' అనే రకం మూడు, పేరు పెట్టని తన సొంత సంకరం ఒకటి తెచ్చుకున్నాను. తీసుకునేటప్పుడు ఆకులు కోయనివ్వలేదు. స్నోడ్రాప్‌లను కూడా పూత అయ్యాక ఆకులతోనే పీకి పంచుకుంటారు, అలా ఇస్తే త్వరగా నిలదొక్కుకుంటాయని నమ్మకం. తడి కొబ్బరిపీచులో చుట్టి ఇచ్చింది, మట్టి పెట్టలేదు, బరువు తగ్గింది, బ్యాగులో బురద కాలేదు.

మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను. మొత్తం 31 గడ్డలు, రానుపోను ఛార్జీలు, తిండి, రెండు రాత్రులు అన్నీ కలిపి 5,200 అయింది. ఎర్రమట్టి, ఇసుక, వర్మీ కంపోస్ట్ సమానంగా కలిపి, గడ్డ మెడ మట్టి పైకి కనబడేలా నాటాను. రెండు కుళ్లిపోయాయి, రెండూ ఆ లాడ్జి బుట్టలో పడినవే. మళ్లీ వెళ్తే నేరుగా జయనగర్‌లోనే దిగుతాను, మారతహళ్లికి ఒక రోజంతా పెట్టుకుంటాను. అక్క ఇచ్చిన సంకరానికి నిన్న మొగ్గ కనిపించింది, కొస ఎర్రగా ఉంది. విచ్చుకోగానే ఫోటో పంపమని ఉదయం నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది.