హైదరాబాద్–కన్యాకుమారి, తిరుగు దారి కొండల మీదుగా: పెద్ద బైకుకు ఎక్కువ కాలం మన్నే టైర్లు, ఆగాల్సిన ఊళ్లు

హైదరాబాద్ నుంచి జాతీయ రహదారి 44 పట్టుకుని కన్యాకుమారి దాకా వెళ్లి, తేని, మున్నార్, వాల్పరై, కోయంబత్తూరు మీదుగా తిరిగొస్తే సుమారు 2,900 కిలోమీటర్లు. ఇందులో ఘాట్ రోడ్డు ఎంత లాగినా 500 కిలోమీటర్లే. మిగతాదంతా బండి నిటారుగా నిలబడి పరిగెత్తే దారి. టైర్ల షాపుకి వెళ్లినవాళ్లు మాత్రం ఆ 500 కిలోమీటర్ల గురించే అడుగుతారు: మలుపుల్లో పట్టు ఎలా ఉంటుంది, ఎంత వాల్చొచ్చు అని. జేబుకి చిల్లు పడేది మిగిలిన 2,400 దగ్గర.

ముందు అరుగుదల సంగతి. 900 సీసీ, 1000 సీసీ బండి నాలుగు వరసల రోడ్డు మీద గంటకు 100 వేగంతో గంటల తరబడి వెళ్తుంటే, వెనక టైరు నేలకి ఆనేది నడిమి పట్టీ ఒక్కటే. ఆ పట్టీ చదునై, రెండు పక్కలా చిన్న గట్టు లేస్తుంది. అంచుల్లో గాడి నిండుగా ఉన్నా, చూపుకి టైరు కొత్తగానే కనిపిస్తున్నా, మలుపులోకి వాల్చేసరికి ఆ గట్టు ఎక్కి ఒక్కసారిగా పడినట్టు అనిపిస్తుంది. చాలామంది దీన్ని సస్పెన్షన్ లోపం అనుకుని మెకానిక్ చుట్టూ తిరుగుతారు. అరచేతిని టైరు మీద అడ్డంగా పెట్టి రాస్తే విషయం తెలిసిపోతుంది.

అందుకే ఈ దారికి కావాల్సింది నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్త రబ్బరు ఉండే స్పోర్ట్ టూరింగ్ రకం. ముందు 120/70 జెడ్ఆర్17, వెనక 180/55 జెడ్ఆర్17 సైజుల్లో మిషెలిన్ రోడ్ 6, పిరెల్లి ఏంజెల్ జీటీ 2, మెట్జెలర్ రోడ్‌టెక్ 01 ఎస్ఈ, బ్రిడ్జ్‌స్టోన్ టీ32 ఈ కోవలోవి. గాలి సరిగ్గా చూసుకుంటే వీటి వెనక టైరు మన రోడ్ల మీద సాధారణంగా 8,000 నుంచి 13,000 కిలోమీటర్లు వస్తుంది. ట్రాక్ కోసం చేసిన మెత్త రకాలు 5,000 దగ్గరే గుండు అవుతాయి. ఈ యాత్రకి అవి వేసుకోవడం పెళ్లి చెప్పులతో పొలం దున్నినట్టే.

హయబూసా, నింజా 1000 లాంటి బరువైన బళ్లకి సామాను, వెనక మనిషి కూడా తోడైతే పై రకాల్లోనే జీటీ పేరుతో వచ్చేవి చూడండి. రోడ్ 6 జీటీ, టీ32 జీటీ అలాంటివి. ఏంజెల్ జీటీ 2లో ఇదే పనికి 'ఏ' గుర్తు ఉన్నది వేరే ఉంది. వీటి ఒడలు (టైరు పక్క గోడలు, సైడ్‌వాల్స్) గట్టిగా ఉంటాయి, బరువుకి నలగవు. జెడ్900 మీద ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇవి అనవసరం. గతుకు గతుకూ నడుముకి తెలుస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్ (ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ) బళ్ల వాళ్ల లెక్క వేరు. వాళ్లకి ముందు 100/90-18, వెనక 130/70 ఆర్18. ఎంపిక తక్కువే అయినా దారిలో దొరికే అవకాశం ఎక్కువ.

ధరని కిలోమీటరుకి లెక్కేయండి. ఉదాహరణకి 30,000 రూపాయల జత 8,000 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకి మూడు ముప్పావు రూపాయలు. 40,000 జత 13,000 వస్తే మూడు రూపాయల పైచిల్లర. ఖరీదైనదే చవక పడింది. పైగా బిగింపు కూలీ ఒక విడత తగ్గింది.

కొనేటప్పుడు ఒడి మీద నాలుగంకెల తేదీ చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం. కొత్త టైర్ల దిగుమతిని 2020 జూన్‌లో కేంద్రం ఆంక్షల జాబితాలో పెట్టినప్పటి నుంచి పెద్ద బైకు సైజుల సరఫరా ఒడిదొడుకులతోనే సాగుతోంది. పాత సరుకు గోడౌన్‌లో మిగిలిపోయి కొత్త ధరకి అమ్ముడయ్యేది ఇలాంటప్పుడే. రెండేళ్ల లోపుదైతే బేరం ఆడి తీసుకోవచ్చు. నాలుగేళ్లు దాటితే సగం ధరకి ఇచ్చినా వద్దు: రబ్బరు బిరుసెక్కి ఉంటుంది, అరగదు సరే, వానలో పట్టదు కూడా. ఒడి మీదే, సైజు పక్కన 73డబ్ల్యూ లాంటి గుర్తు ఉంటుంది. 73 అంటే టైరు మోయగల బరువు 365 కిలోలు, డబ్ల్యూ అంటే గంటకు 270 వరకు వేగం. కంపెనీ చెప్పిన అంకె కంటే తక్కువది తగిలించనివ్వకండి.

బిగించే పని హైదరాబాద్‌లోనే, బయల్దేరడానికి వారం ముందే అయిపోవాలి. షాపుని ఎంచుకునేటప్పుడు బోర్డు చూడొద్దు, పని చూడండి. పాత టైరు ఊడదీసేది మెషీన్ మీదా, ఇనుప కమ్మీలతోనా? కమ్మీలైతే అల్లాయ్ అంచు గీరుకుపోతుంది, ఆ గీత దగ్గరే తర్వాత గాలి సన్నగా కారుతుంది. ప్రెషర్ సెన్సర్ ఉన్న బండైతే అది వాల్వ్ దగ్గరే ఉంటుందని ముందే చెప్పాలి; బీడ్ (రిమ్ముకి పట్టుకుని కూర్చునే టైరు అంచు) విరిచే పలక అక్కడ పడితే సెన్సర్ పగులుతుంది. సెన్సర్ లేని బండికి రబ్బరు వాల్వ్ కూడా కొత్తది వేయించండి. టైరు మీద బాణం చక్రం తిరిగే వైపే ఉండాలి, చుక్క ఉంటే వాల్వ్ పక్కకి రావాలి. సబ్బు నీళ్లు రాసి గాలి కొడితే రెండు వైపులా 'ఠాప్' మని బీడ్ కూర్చుంటుంది. 50 పీఎస్ఐ దగ్గరికి వచ్చినా కూర్చోకపోతే ఇంకా ఎక్కించనివ్వకండి. గాలి తీసి, మళ్లీ సబ్బు రాసి, మొదటి నుంచి చేయాలి. తర్వాత బ్యాలెన్సింగ్. వెనక చక్రం కదిలింది కాబట్టి గొలుసు వదులు చూడాలి, ఇరుసు నట్టు మాన్యువల్లో రాసిన బిగువుకి టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. చివరగా, బండి కదలకముందే ముందు బ్రేకు, వెనక బ్రేకు నాలుగైదుసార్లు నొక్కండి. చక్రం తీసినప్పుడు క్యాలిపర్ పిస్టన్లు వెనక్కి వెళ్లి ఉంటాయి, మొదటి నొక్కుకి బ్రేకు పట్టదు. షాపు గేటు దగ్గరే గుద్దేసే బళ్లలో చాలావాటి కథ ఇదే.

ఇక దారి. ఔటర్ రింగు రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు. ఆరాంఘర్, శంషాబాద్, షాద్‌నగర్ మీదుగానే వెళ్లాలి. తెల్లవారుజామున ఐదింటికల్లా ఊరు దాటితే నయం. కర్నూలు 215, అనంతపురం 360. జాతీయ రహదారి టోల్ బైకులకి లేదు, పక్క వరసలోంచి వెళ్లిపోవచ్చు. వేసవిలో కర్నూలు దాటాక టైరుకి అసలు పరీక్ష. పొద్దున చల్లటి టైరులో 42 పీఎస్ఐ పెట్టుకుంటే మధ్యాహ్నానికి 47, 48 చూపిస్తుంది. అది మామూలే. కంగారుపడి గాలి తీసేస్తే మర్నాడు పొద్దున 36 ఉంటుంది. తక్కువ గాలితో ఒడలు నలిగి, వేడెక్కి, నడిమి రబ్బరు ఇంకా తొందరగా పోతుంది. చాలా 900, 1000 సీసీ బళ్లకి ముందు 36, వెనక 42. హయబూసాకి రెండూ 42. మీ బండి స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీద స్టిక్కర్ ఉంటుంది, అదే వేదం.

బంకుల్లో గాలి యంత్రం ఉచితమే గానీ, దాని ముల్లు ఏది చూపిస్తే అది నమ్మడానికి లేదు. పైగా పెద్ద డిస్కు అడ్డం వచ్చి గొట్టం తల వాల్వ్ మీద సరిగ్గా కూర్చోదు. 90 డిగ్రీల మూతి ఒకటి, సొంత గేజీ ఒకటి దగ్గర ఉంచుకోండి. ఆ మూతిని వాల్వ్‌కే వదిలేసి పరిగెత్తొద్దు, వేగానికి పక్కకి ఒరిగి గాలి వదిలేస్తుంది. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ ఉంటే మరీ మంచిది.

మొదటి రాత్రి బస బెంగళూరులో కాకుండా లేపాక్షిలో వేసుకోమంటాం. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర రహదారి దిగి పదిహేను కిలోమీటర్లు. హరిత హోటల్లో గదులు సాదాసీదాగా ఉంటాయి, కానీ బండి కళ్ల ముందే ఉంటుంది, పొద్దున నీడలో చల్లటి టైరుకి గాలి కొలుచుకోవచ్చు. వీరభద్రాలయం, ఏకశిలా నంది చూసుకుని తొమ్మిదికి బయల్దేరినా బెంగళూరు మధ్యాహ్నానికి దాటొచ్చు. నగరంలో హోటళ్లకి సెల్లారే పార్కింగ్. రంగు వేసిన నున్నటి నేల మీద 230 కిలోల బండి తిప్పడం అనవసరపు ప్రయాస. బెంగళూరు లోపలికి దూరకుండా నైస్ రోడ్డు ఎక్కొచ్చు, బైకులకి టోల్ ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకు మాత్రం ద్విచక్ర వాహనాల్ని అనుమతించరు.

హోసూరు, క్రిష్ణగిరి, సేలం దాటి నామక్కల్. ఇది లారీల ఊరు. రోడ్డు పొడవునా టైర్ల దుకాణాలు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, అవన్నీ లారీలకి, రీట్రెడింగ్‌కి. మేకు దిగితే స్ట్రిప్ వేయడంలో మాత్రం ఇక్కడివాళ్లకి చేయి తిరిగి ఉంటుంది. నడిమి భాగంలో మేకు అయితే స్ట్రిప్‌తో వేగం తగ్గించుకుని పెద్ద ఊరు చేరాలి, అక్కడ టైరు విప్పించి లోపలి నుంచి గొడుగు ప్యాచ్ వేయించాలి. ఒడిలో దిగితే ఏ ప్యాచూ పనికిరాదు.

నామక్కల్ దగ్గరే కొల్లి కొండలు. కారవల్లి నుంచి పైకి 70 హెయిర్‌పిన్ మలుపులు. సామాను కిందే లాడ్జిలో దింపేసి పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికి దిగడం మేలు. పైన బసలు తక్కువ, దిగేటప్పుడు బరువుంటే ముందు బ్రేకు, ముందు టైరు రెండూ కాలిపోతాయి. ఇక్కడ ఒక మాట ఎవరూ చెప్పరు. కొత్త టైరుతో 800 కిలోమీటర్లు వచ్చేశాం, పదును పట్టేసింది అనుకుంటారు. పట్టింది నడిమి పట్టీకే. అంచులు ఇంకా షాపులో ఉన్నప్పటి మెరుపుతోనే ఉంటాయి, సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా అలాగే ఉంటాయి. మొదటి పది పదిహేను మలుపులు నెమ్మదిగా, ఒక్కో మలుపుకీ కొంచెం కొంచెం ఎక్కువ వాలుస్తూ వెళ్లాలి. పైకి చేరాక చూస్తే మెరుపు పోయిన మేర బూడిద రంగుకి తిరిగి ఉంటుంది.

మదురై నుంచి కన్యాకుమారి 245 కిలోమీటర్లు, తిన్నటి రోడ్డు. ముప్పందల్ గాలిమరల దగ్గర పక్క గాలి బలంగా కొడుతుంది. చదునైన టైరు మీద ఆ గాలికి బండి ఊగడం మరీ తెలుస్తుంది. కన్యాకుమారిలో గుడి దగ్గరి సందుల్లో లాడ్జీలు చవకే గానీ బండి రోడ్డు మీదే వదలాలి. బీచ్ రోడ్డులో తమిళనాడు టూరిజం హోటల్ నయం, ఆవరణలో పెట్టుకోవచ్చు. పొద్దున బయల్దేరే ముందు ఉప్పుగాలి పట్టిన డిస్కుల్ని మంచినీళ్లతో కడగండి. టైర్ల పని ఏమన్నా పడితే ఇక్కడ వెతక్కండి, ఇరవై కిలోమీటర్ల దూరంలో నాగర్‌కోయిల్ ఉంది. అక్కడైనా పంక్చర్, గాలి వరకే. 180/55 దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

తేని నుంచి బోడిమెట్టు మీదుగా మున్నార్ ఎక్కే దారి వెడల్పు చేశాక హాయిగా ఉంది. జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్తే వానే వాన. నడిమి గాడి 2 మిల్లీమీటర్లకి దిగిన టైరు పొడి రోడ్డు మీద ఇంకో రెండు వేలు లాగుతుందేమో గానీ, నిలిచిన నీళ్లని పక్కకి నెట్టలేదు. మున్నార్‌లో హోమ్‌స్టే బుక్ చేసేముందు వ్యూ గురించి కాదు, రోడ్డు నుంచి గేటు దాకా దారి ఎలా ఉంటుందో అడగండి. నాచు పట్టిన నిట్టనిలువు సిమెంటు వాలు మీద పెద్ద బండి నిలవదు. ఎత్తుకి వచ్చాం కదా, గాలి తగ్గించాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. సముద్ర మట్టం నుంచి 1,500 మీటర్లు ఎక్కితే గేజీ 2 పీఎస్ఐ పైచిలుకు పెరగాలి. కిందకీ పైకీ పొద్దుటి చలి తేడా అంతే మేర తగ్గిస్తుంది. పొద్దున కొలిస్తే దాదాపు పాత అంకే కనిపిస్తుంది.

మరయూర్, చిన్నార్ అడవి దారి పగలే దాటేసి ఉడుమలపేట, పొల్లాచ్చి. ఆళియార్ నుంచి వాల్పరైకి 40 మలుపులు. తొమ్మిదో మలుపు దగ్గర లోమ్స్ వ్యూ పాయింట్‌లో ఎలాగూ ఆగుతారు కాబట్టి అక్కడ ముందు టైరు మీద చేయి వేసి చూడండి. ఒక వైపు నుంచి రాస్తే నున్నగా, రెండో వైపు నుంచి రంపంలా తగిలితే గాలి తక్కువతో నడిచిందన్నమాట, లేదా ఫోర్కు డంపింగ్ నీరసించింది. ఇలా మెట్లు పడ్డ టైరు రొద పెడుతుంది, మళ్లీ నునుపు కాదు.

కోయంబత్తూరు ఈ తిరుగు దారిలో లెక్క చూసుకోవాల్సిన చోటు. బండ్ల పని తెలిసిన ఊరు. మోటార్ రేసింగ్ అలవాటున్న ఊరు కాబట్టి పెద్ద సైజుల గురించి అడిగితే తెల్లమొహం వేయరు. ముందురోజు ఫోన్ చేసి సైజు, తేదీ అడిగి వెళ్లండి. గాడి లోతు కొలిచే చిన్న గేజీతో వెనక టైరు నడుమ మూడు చోట్ల కొలవాలి. బయల్దేరేటప్పుడు 6.5 మిల్లీమీటర్లు ఉండి ఇప్పుడు 5.7 ఉందనుకోండి, 1,900 కిలోమీటర్లకి 0.8 పోయింది, అంటే మిల్లీమీటరుకి సుమారు 2,400. రెండు మిల్లీమీటర్లకి చేరేసరికి ఇంకో 8,800 వస్తుంది. ఈ లెక్కకి సగమే వస్తే గాలి తక్కువతోనో, వేడి రోడ్డు మీద మరీ వేగంగానో నడిపారన్నమాట.

పాత టైరుతోనే బయల్దేరినవాళ్లకి ఇక్కడ కొలతలో 2.5 కంటే తక్కువ వస్తే ఇక్కడే మార్చుకోవాలి, మహా అయితే బెంగళూరులో. బెంగళూరు దాటితే 570 కిలోమీటర్లలో ఆ సైజు దొరికేది మళ్లీ హైదరాబాద్‌లోనే. ముందు టైరు బాగానే ఉంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు, రెండు వెనక టైర్లకి ఒక ముందు టైరు చొప్పున సాగుతుంది. కొత్తగా వేసే వెనకది మాత్రం అదే కంపెనీ, అదే మోడల్ అయి ఉండాలి.